దిగువ ఎడమ తలుపు

మధ్యాహ్నం ఒకటీ నలభైకి డిటెక్టివ్ లాకు ఆఫీసు గదిలో అడుగు పెట్టేసరికి ఇన్‌స్పెక్టర్ కేసు ముగించేసి టీ తాగుతున్నాడు.

“మీరు ఇంత దూరం రావలసిన పని లేదమ్మా, అయిపోయింది,” అన్నాడు గ్లాసు కింద పెట్టకుండానే.

ఈ అయిపోయింది అన్న మాట ఆమె ఇరవై రెండేళ్ళుగా పోలీసుల నోట వింటూనే ఉంది. వినీ వినీ ప్రాణం విసిగిపోయింది. పైగా మోకాళ్ళ నొప్పితో ముప్ఫై ఆరు మెట్లెక్కి వచ్చింది. గదిలో కుర్చీలు రెండే ఉన్నాయి. ఒకదాంట్లో ఇన్‌స్పెక్టర్ కూర్చుంటే, రెండోదాంట్లో ఆయన టోపీ కూర్చుంది. ఆమె టోపీని ఎత్తి బల్ల మీద పెట్టి, ఆ కుర్చీలో కూలబడి, మొదటినుంచి మళ్ళీ చెప్పమంది. స్టేషన్లలో ఆమెకు చాటుగా పెట్టుకున్న పేరు ‘మళ్ళీచెప్పు’. ఆ సంగతి ఆమెకీ తెలుసు.

ఇన్‌స్పెక్టర్ నిట్టూర్చి మళ్ళీ చెప్పాడు. ఊరి చివర నది మీద ఆనకట్ట, దాని పక్కనే ఈ లాకు. పై నీళ్ళకీ కింది నీళ్ళకీ పదకొండు అడుగుల తేడా. పడవలు ఆ తేడా దాటాలంటే ఎగువ గేటుకీ దిగువ గేటుకీ నడుమ ఉన్న సిమెంటు తొట్టిలోకి రావాలి. నీళ్ళు నింపితే పడవ పైకి లేస్తుంది, వదిలితే కిందికి దిగుతుంది. అరవై రెండేళ్ళుగా లాకు చేసేది అదే పని. నిన్న ఉదయం పదకొండూ అయిదుకి ఆ తొట్టిలో, దిగువ గేటు ఎడమ పక్క ఇనప నిచ్చెన కింద, లాకు సూపర్వైజర్ శవమై కనిపించాడు. ఇంకో ఎనిమిది నెలల్లో రిటైరు కావలసిన మనిషి. బిగుసుకుపోయిన చేతిలో తడిసిన గోనెసంచి ఉంది.

ఆ సమయంలో లాకు మీద ఉన్నది ఇంకొక్కడే. గేటు ఆపరేటర్. సూపర్వైజర్‌కి స్వయానా బావమరిది. ఇప్పుడు బేడీలతో కింద జీపులో ఉన్నాడు.

డిటెక్టివ్‌కి కబురు పెట్టింది సూపర్వైజర్ భార్య. ఒకవైపు నుంచి చూస్తే చచ్చిపోయినవాడి పెళ్ళాం, ఇంకోవైపు నుంచి చూస్తే చంపాడంటున్నవాడి అక్క. పొద్దున ఫోన్లో ఏడుపు ఆపుకుంటూ ఆవిడ చెప్పింది ఒక్కటే. నిన్న ఆయన పోయాడు, ఇవాళ తమ్ముణ్ణి తీసుకుపోతామంటున్నారు, ఇక తనకంటూ మిగిలేది ఎవరని.

“జీపు ఎన్నింటికి బయల్దేరుతుంది?” అని అడిగింది డిటెక్టివ్.

మూడున్నరకట. ఒక్క నిమిషం కూడా ఆగదట. నాలుగింటికి నిధుల కమిటీ వస్తోంది. నది పొడుగునా ఉన్న పాత లాకుల్లో దేనికి డబ్బిచ్చి బాగు చేయించాలో తేల్చే ఆరుగురు పెద్దమనుషులు లాంచీలో వచ్చి, ఈ లాకుని కళ్ళతో చూసి వెళ్తారు. వాళ్ళ కళ్ళకు బేడీలు, జీపులు పడకూడదని పైనుంచి ఆర్డరు. అంటే చేతిలో ఉన్నది గంటా యాభై నిమిషాలు.

ఇన్‌స్పెక్టర్ సాక్ష్యాలు మూడు. మొదటిది, పదింబావుకి బావా బావమరుదులు గట్టిగా అరుచుకోవడం విన్న పడవవాడు. రెండోది, ‘తప్పు నాదేనేమో’ అని ఆపరేటర్ తనంతట తానే అనడం. మూడోది లాకు రిజిస్టరు. అందులో సూపర్వైజర్ తన చేత్తో రాసిన ఆఖరి వాక్యం కింద ఇన్‌స్పెక్టర్ ఎర్ర పెన్నుతో గీత గీశాడు.

‘10.20. గేజి ఆరు దగ్గర ఆగింది. దిగువ ఎడమ తలుపు తీశారు.’

“ఇంతకంటే ఏం కావాలి? ఈయన నిచ్చెన దిగుతున్నాడు. ఆ బావమరిది దిగువ తలుపు తెరిచాడు. నీళ్ళు ఒక్కసారిగా దూకాయి. ఈయన కొట్టుకుపోయాడు,” అన్నాడు ఇన్‌స్పెక్టర్.

“కొట్టుకుపోయిన మనిషి ఆ వాక్యం ఎప్పుడు రాశాడు?”

ఇన్‌స్పెక్టర్ గ్లాసు పెదవుల దాకా వెళ్ళి ఆగింది. ముందు రాసి ఉంటాడు, తర్వాత దిగి ఉంటాడు అన్నాడు. తలుపు తీశారని తెలిశాక కూడా దిగాడా అని ఆమె అడిగింది. మీతో వచ్చిన గొడవే ఇది, అన్నాడాయన, చీమకు కూడా వాంగ్మూలం తీసుకుంటారు మీరు. ఆమె లావాటి రిజిస్టరు చంకలో పెట్టుకుని లేచింది. ఆయన వద్దనబోయి, ఆ మనిషితో వాదించే ఓపిక లేక ఊరుకున్నాడు.

జీపు మెట్ల పక్కన నీడలో ఉంది. ఆపరేటర్ నలభై ఏళ్ళవాడు. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని తల వంచుకుని కూర్చున్నాడు. పక్కన అతని అక్క, టిఫిను డబ్బా మూత కూడా విప్పకుండా నిలబడి ఉంది. నిన్నటినుంచి మెతుకు ముట్టలేదు, అడిగితే పలకడం లేదు అంది డిటెక్టివ్‌తో. ఒక కానిస్టేబుల్ కూడా ఆ మాటకి వత్తాసు పలికాడు. పలికినా అడ్డదిడ్డంగా పలుకుతున్నాడండీ, అన్నాడు. దిగువ తలుపు తీశావా అంటే, తలుపు ఎవరైనా ఎందుకు తీస్తారు సార్ అని ఎదురు ప్రశ్న వేస్తాడట. ఎంత పొగరో చూడండి అన్నాడు.

డిటెక్టివ్ జీపు మెట్టు మీద కూర్చుంది.

“నిన్న పొద్దున పదింటినుంచి చెప్పు. తొందరేం లేదు,” అంది, తొందర లేకపోవడం పచ్చి అబద్ధమైనా.

అతను చెప్పాడు. కిందినుంచి ఇసుక పడవలు వచ్చే వేళయిందని, అంతకుముందు ఒకసారి తొట్టి నింపి చూద్దామన్నాడట బావ. కమిటీ వస్తోంది కదా, రిహార్సలు. పదింటికి ఎగువ తలుపులు రెండూ ఎత్తారు. నీళ్ళు పడ్డాయి. నీళ్ళ మట్టం చూపే గేజి పావుగంటకి పదకొండు అడుగులకి రావాలి, ఆరు దాటలేదు. ఎక్కడో నీళ్ళు పోతున్నాయి. ముందురోజు సాయంత్రం దిగువ తలుపులు సరిగ్గా దించావా లేదా అని బావ అరిచాడు. దించాను బావా అని తనూ అరిచాడు.

“దించావా?”

“దించాననే అనుకున్నాను మేడమ్. ఇప్పుడు నమ్మకం లేదు. బావ దిగువకి వెళ్ళి చూసొచ్చి, ఏమీ చెప్పలేదు. ముఖం మాత్రం మాడిపోయింది. రిజిస్టర్లో ఏదో రాసి, నువ్వెళ్ళి ఎగువవి దించు, నేను గోనె కుక్కుతాను అన్నాడు.”

నీళ్ళు కారే చోట గోనె కుక్కడం వాళ్ళకి రోజూ ఉండే పనే. అతను నూట ఎనభై అడుగులు పరిగెత్తి ఎగువ గేటు మీదికి వెళ్ళాడు. ఎడమ తలుపు దిగింది. కుడిది దిగలేదు.

“ఆ కుడి చక్రానికి పళ్ళు అరిగిపోయాయి మేడమ్. దాన్ని దించాలంటే ముందు అర చుట్టు పైకే తిప్పాలి. అప్పుడు పళ్ళు పట్టుకుంటాయి. ఆ తర్వాత కిందికి తిప్పాలి. పదిహేనేళ్ళుగా రోజూ చేస్తున్న పని. నిన్న కంగారులో ఆ అర చుట్టు మర్చిపోయాను. నేరుగా కిందికే తిప్పాను. మూడుసార్లు జారింది. నాలుగోసారి గుర్తొచ్చింది. దించి వెనక్కి వచ్చేసరికి…”

అక్కడ ఆగిపోయాడు. అక్క టిఫిను డబ్బా జీపు బానెట్ మీద పెట్టి, బేడీలున్న ఆ చేతుల మీద తన చెయ్యి వేసింది.  తప్పు నాదేనేమో అన్న మాటకి అర్థం ఇదన్నమాట. దీన్ని నేరం ఒప్పుకోవడం కింద రాసుకున్నవాణ్ణి ఏమనాలో ఆమెకు తెలియలేదు. కానీ ఒక ప్రశ్న మిగిలింది.

“దిగువ గేటు తెరిచింది ఎవరు?”

“రెక్కలా? ఎవరూ తెరవలేదు. తొట్టిలో నీళ్ళుండగా రెక్కలు కదలవు మేడమ్. నీళ్ళ బరువు నొక్కి పెడుతుంది. పదిమంది పట్టి లాగినా రావు.”

“రెక్కలు కాదు, తలుపు అంటున్నాను.”

అతను మొదటిసారి తలెత్తి ఆమెకేసి అయోమయంగా చూశాడు. కానిస్టేబుల్ పళ్ళికిలించి, చూశారా మరి అన్నట్టు కళ్ళెగరేశాడు. డిటెక్టివ్‌కి ఒక్క క్షణం నిజంగానే ఒళ్ళు మండింది. ప్రాణం మీదికి వచ్చినా ఈ మనిషి సూటిగా జవాబు చెప్పడేం? వాచీ చూసుకుంటే రెండూ ఇరవై.

ఆమె దిగువ గేటు మీదికి వెళ్ళింది. రెండు పెద్ద ఇనప పలకలు మధ్యలో కలుసుకుని మూసుకుని ఉన్నాయి. వాటి మీద అడుగున్నర వెడల్పు నడవ, పక్కన పట్టుకోవాల్సిన రెయిలింగు, దాని మీద ‘పట్టుకోరాదు’ అని బోర్డు. విసుగ్గా నవ్వుకుని పట్టుకోకుండానే నడిచింది. ఒక్కో పలక మీదా ఒక్కో ఇనప చక్రం. చక్రం కింద లావాటి కడ్డీ నీళ్ళలోకి దిగిపోయి ఉంది. నిన్నటినుంచి పోలీసులు తాడు కట్టి ఎవర్నీ రానివ్వలేదు కాబట్టి అంతా ఉన్నది ఉన్నట్టే ఉంది. తొట్టిలో నీళ్ళు కింది నీళ్ళతో సమానంగా, కదలకుండా ఉన్నాయి.

కుడి చక్రం పట్టుకుని తిప్పింది. కదల్లేదు. రెండు చేతులూ వేసి, పళ్ళు బిగించి బలమంతా పెడితే బెత్తెడు తిరిగింది. కడ్డీ బెత్తెడు లేచింది. కిందెక్కడో బరువైనదేదో దానికి వేలాడుతోంది.

ఎడమ చక్రం దగ్గరికి వెళ్ళి అలాగే బలం పెట్టింది. ముందుకు తూలి నడవ మీద పడబోయింది. చక్రం గిర్రున తిరిగింది. ఒక్క వేలితో తిప్పి చూసింది. తిరిగింది. బకెట్టు ఊడిపోయిన చేదతాడు పైకి లాగినట్టు, చేతికి బరువే తెలియలేదు.

రెయిలింగు మీద రంగు లేచిపోయి గొలుసు రాసుకున్న గీతలున్నాయి. గీతల్లో ఇనుము ఇంకా తుప్పు పట్టలేదు. కడ్డీ మెడ దగ్గర నాలుగు నట్లు, అరవై రెండేళ్ళ మురికిలోంచి కొత్తగా తిప్పినట్టు అంచులు మెరుస్తున్నాయి. బరువులెత్తే చైన్ పుల్లీ వేలాడదీసి, ఆ కడ్డీకి వేలాడుతున్నదాన్ని ఎవరో పైకి లాగి, విప్పి, ఉత్త కడ్డీని మళ్ళీ దాని చోట నిలబెట్టి పోయారు.

ఆమె నడవ మీదే, ఎండలో, కాళ్ళు చాపుకుని కూర్చుని రిజిస్టరు తెరిచింది. ఇరవై ఆరేళ్ళ చేతిరాత. ఒక్క రోజు తప్పలేదు. అక్కడక్కడా పేజీలు తిప్పి చదువుకుంటూ పోయింది. ‘ఎగువ తలుపులు ఎత్తాం. గేజి పదకొండు. ఎగువ రెక్కలు తెరిచాం.’ ‘దిగువ రెక్కలు మూశాం. దిగువ తలుపులు దించాం.’ పేజీ తర్వాత పేజీ అంతే. మనందరం తలుపులనే ఆ పెద్ద గేట్లు ఇక్కడివాళ్ళకి రెక్కలు. రెక్కల అడుగున, నీళ్ళు రావడానికీ పోవడానికీ ఉన్న కిటికీ అంత ఇనప పలకలు తలుపులు. రెక్కల్ని తెరుస్తారు, మూస్తారు. తలుపుల్ని ఎత్తుతారు, దించుతారు. తలుపు తీయడమన్న మాట ఆమెకు ఇంకొక్కచోటే దొరికింది. పంతొమ్మిదేళ్ళ కిందట: ‘ఎగువ కుడి తలుపు తీసి వర్కుషాపుకి పంపాం.’

కింద జీపులో ఆ మనిషి నిన్నటినుంచి పొగరుగా మాట్లాడలేదు. శుద్ధమైన తెలుగులో సూటిగా జవాబు చెబుతున్నాడు. అది తెలియనివాళ్ళం మనమే. ఇందాక అతని మీద మండిపడ్డందుకు ఆమెకు తన మీదే కోపం వచ్చింది.

నిన్నటి పేజీ మళ్ళీ మొదటినుంచి చదివింది. ఈసారి పై రెండు వాక్యాల దగ్గర ఆగిపోయింది. టైము రెండూ యాభై అయిదు.

ఆఫీసు గదికి తిరిగి వచ్చేసరికి ఇంజినీర్ కూడా అక్కడ ఉన్నాడు. ఈ నది మీది లాకులన్నింటికీ పెద్ద. చొక్కా నలిగిపోయి, కళ్ళ కింద నల్లటి చారలతో, కమిటీకి చూపించవలసిన ఫైలు మడమల దాకా వేలాడే సంచిలో పెట్టుకుని, వాకిలికీ కిటికీకీ మధ్య తిరుగుతున్నాడు. పంపుహౌసు నుంచి ఒక మనిషిని తెచ్చి ఇవాళ్టికి చక్రాల దగ్గర నిలబెట్టానని, తాడు విప్పడానికి ఇన్‌స్పెక్టర్ ఇప్పుడే ఒప్పుకున్నాడని చెప్పాడు.

డిటెక్టివ్ ఆయనతో సానుభూతిగానే మొదలుపెట్టింది. ఈ లాకు కోసం ఎన్నాళ్ళుగా డబ్బు అడుగుతున్నారని అడిగింది. ఆ ప్రశ్న ఆయన గుండెలో ఎక్కడ తగిలిందో, సంచి బల్ల మీద పడేసి మాట్లాడటం మొదలుపెట్టాడు. పన్నెండేళ్ళట. నలభై ఒక్క ఉత్తరాలు. అన్నింటికీ ఒకటే జవాబు, పరిశీలనలో ఉందని. ఒకసారి ఫోటోలు పంపితే మసకగా ఉన్నాయని తిప్పి పంపారు. మంచి ఫోటోలు పంపితే, లాకు చూడటానికి బాగానే ఉందే అన్నారు.

“వాళ్ళ రూలు ఏమిటో తెలుసా? ఎన్ని గంటలు ఆగిపోయింది అని చూస్తారు. ఎక్కువ ఆగినదానికి ముందు డబ్బు. ఇది పదకొండేళ్ళలో ఆగింది మొత్తం తొమ్మిది గంటలు. పై లాకు ఏడాదికి నలభై రోజులు ఆగుతుంది, వాళ్ళకి మంజూరైంది. ఇక్కడేమో ఈ సూపర్వైజర్ గోనెలు కుక్కి, కొవ్వు పూసి, అర చుట్టూ పావు చుట్టూ తిప్పి, ఆగనిచ్చేవాడు కాదు. నేను శిథిలం అని రాయడం, నడుస్తోంది కదా అని వాళ్ళు నవ్వడం. ఎంత చెప్పినా వినేవాడు కాదు. ఒక్కరోజు ఆపవయ్యా బాబూ అంటే, పడవలవాళ్ళు ఏం పాపం చేశారు సార్ అనేవాడు.”

 ఇన్‌స్పెక్టర్ గడియారం వంక చూశాడు. నదివైపు కిటికీలోంచి లాంచీ హారన్ దూరంగా వినిపించింది. మూడూ అయిదు.

“నిన్న మీరు ఇక్కడికి ఎన్నింటికి వచ్చారు?” అంది డిటెక్టివ్.

“పదకొండున్నరకి. శవం దొరికిందని ఫోన్ వచ్చాక.”

“మళ్ళీ చెప్పండి.”

ఆయన మళ్ళీ అదే చెప్పాడు. ఆమె రిజిస్టరు ఆయన ముందు కాక ఇన్‌స్పెక్టర్ ముందు తెరిచి, నిన్నటి పేజీలో పై రెండు వాక్యాలు చదవమంది. ఇన్‌స్పెక్టర్ చదివాడు. ‘6.10. వచ్చారు, ఆనకట్ట గేజి చూడటానికి వెళ్ళాను. 6.55. వెళ్ళారు.’ ఎవరో పడవలవాళ్ళయి ఉంటారన్నాడు.

“పడవలవాళ్ళయితే పడవ నెంబరు రాస్తాడు. ఇరవై ఆరేళ్ళలో ఒక్కసారి తప్పలేదు. తమ చేతి పని గురించయితే ఎత్తాం, దించాం అంటాడు. బావమరిది గురించయితే, ఇదిగో చూడండి, ‘వాడు ఇవాళా ఆలస్యంగానే వచ్చాడు.’ ‘వాడు మళ్ళీ నూనె ఒలకబోశాడు.’ ఇక ఎవరి పేరూ లేకుండా ‘వచ్చారు, చూశారు, ఏమీ అనలేదు, వెళ్ళారు’ అని రాస్తే, వాళ్ళు ఎవరు? పోయిన నెల పద్నాలుగు: ‘వచ్చారు. కమిటీ సంగతి చెప్పారు.’ దానికి ముందు: ‘వచ్చారు. ఉత్తరం తిరిగి వచ్చిందన్నారు.’ ఈ లాకుకి కమిటీ సంగతి చెప్పేది ఎవరు?”

 ఇన్‌స్పెక్టర్ మొదటిసారి టీ గ్లాసు కింద పెట్టాడు.

ఆమె అప్పుడు రెక్కల సంగతి, తలుపుల సంగతి, వేలితో తిరిగిన చక్రం సంగతి చెప్పింది. ఆఖరి వాక్యం తెరవడం గురించి కాదు, ఊడదీసుకుపోవడం గురించి. గోనె కుక్కబోయిన మనిషిని ఆ తలుపు లేని కన్నమే లోపలికి పీల్చుకుంది. తన బావమరిదే ఆ పని చేసి ఉంటే సూపర్వైజర్ ‘తీశాడు’ అని రాసేవాడు. ఎవరో తెలియకపోతే ‘ఎవరో తీశారు’ అని రాసేవాడు. రెండూ రాయలేదు. పొద్దున ఆరింటికి వచ్చి, నువ్వు ఆనకట్ట దాకా వెళ్ళి గేజి చూసి రమ్మని తనను పంపించేసిన మనిషి ఎవరో ఆయనకి తెలుసు. నాలుగు గంటల తర్వాత, తన తొట్టి ఎందుకు నిండటం లేదో చూసినప్పుడు కూడా, ఆ మనిషిని ఏకవచనంతో అనడానికి చెయ్యి రాలేదు.

“మిమ్మల్ని గౌరవించుకుంటూ పోయాడు సార్,” అంది ఇంజినీర్‌తో. ఆమెకు కోపం వస్తే గొంతు పెరగదు, తగ్గుతుంది. “ఆ ఒక్క గౌరవమే మీ పేరు చెప్పింది.”

ఇంజినీర్ కుర్చీ వెనక పట్టుకుని నిలబడ్డాడు.   మెల్లగా కూర్చుని, బల్ల మీది ఎర్రగీతనే చూస్తూ చెప్పాడు. ఎవరికీ ఏమీ కాకూడదనే అలా చేశానని. కమిటీ లాంచీ వచ్చేసరికి తొట్టి నిండదు, పై రెక్కలు తెరుచుకోవు, లాంచీ పైనే నిలబడిపోతుంది. ఆరుగురూ ఓ రెండు గంటలు ఎండలో వాచీలు చూసుకుంటారు. పన్నెండేళ్ళ ఉత్తరాలు చేయలేని పని ఆ రెండు గంటలు చేస్తాయి. తలుపు పోలేదు, గొలుసు కట్టి కాలవ అడుగునే ఉంచాడు. మళ్ళీ పెట్టించేద్దామనుకున్నాడు. సూపర్వైజర్ ముందురోజే రిహార్సలు చేస్తాడని అనుకోలేదు.

“చేయక? మీ పరువు పోకూడదని చేశాడు,” అంది డిటెక్టివ్. “సరే, అది పొరపాటు. నిన్న పదకొండున్నరకి శవాన్ని చూశాక నోరు ఎందుకు తెరవలేదు? ఆ జీపులోవాణ్ణి ఎందుకు చూస్తూ ఊరుకున్నారు?”

“ఒక్కరోజు ఆగితే మంజూరైపోతుందనుకున్నా. ఆ తర్వాత నేనే చెబుదామని… ఆయన చావు ఊరికే పోకూడదని…”

“ఆయన చావుని కూడా ఫైల్లో పెట్టారా?”

ఆ మాటకి ఇంజినీర్ ముఖం చేతుల్లో దాచుకున్నాడు. ఇన్‌స్పెక్టర్ ఇబ్బందిగా టోపీ తీసుకుని పెట్టుకున్నాడు, మళ్ళీ తీసేశాడు. కింద జీపులోకి ఎవర్ని ఎక్కించాలో, ఎవర్ని దించాలో ఆయన ఇంకా తేల్చుకోలేకపోతున్నాడు. మూడూ ఇరవై రెండు.

అప్పుడు దిగువ వైపునుంచి కేకలు వినిపించాయి. ఒకరివి కాదు, చాలామందివి. డిటెక్టివ్ కిటికీకేసి చూసింది. కిటికీ నదికి ఎగువ వైపుంది. అక్కడ నీళ్ళు ఖాళీగా, ప్రశాంతంగా ఉన్నాయి. లాంచీ లేదు.

“హారన్ విన్నాం కదా. లాంచీ ఏది?” అంది.

ఇంజినీర్ తలెత్తాడు. 

“పైనుంచి కదా రావాలి,” అన్నాడు. “పైనుంచే వస్తామన్నారు.”

పెద్దలు ఏ పని చేసినా పైనుంచే చేస్తారని ఈయన కూడా నమ్మాడు. వాళ్ళు మధ్యాహ్నం భోజనం కింది రేవులో ఏర్పాటైందని అక్కడే లాంచీ ఎక్కి, కింది నుంచి, ముప్పావుగంట ముందు వచ్చేశారు. పంపుహౌసు మనిషి తనకు చెప్పిన పని తాను చేశాడు. దిగువ రెక్కలు తెరిచి లాంచీని తొట్టిలోకి రానిచ్చి, రెక్కలు మూసి, పై నీళ్ళు వదిలాడు.

ముగ్గురూ మెట్ల మీద పడుతూ లేస్తూ దిగారు. మోకాళ్ళ నొప్పి సంగతి డిటెక్టివ్‌కి గుర్తే లేదు. తొట్టిలో ఎగువనుంచి నీళ్ళు తెల్లగా దూకుతున్నాయి. దిగువ ఎడమ మూల సుడి తిరుగుతూ లోపలికి పీల్చుకుంటోంది. నీళ్ళు ఆరడుగుల దగ్గరే ఆగిపోయి కుతకుతలాడుతున్నాయి. లాంచీని ముందు కట్టిన తాడు తెగిపోయింది. వెనక తాడు ఒక్కటే మిగిలి బిర్రబిగుసుకుని ఉంది. ఒక్కో దెబ్బకీ లాంచీ ఆ సుడివైపు, నిన్న శవం దొరికిన నిచ్చెన వైపు వాలుతోంది. దాని మీద ఆరుగురు పెద్దమనుషులూ ఒకరినొకరు పట్టుకుని ఉన్నారు.

పంపుహౌసు మనిషి ఎగువ గేటు మీదనుంచి రెండు చేతులూ ఊపుతూ అరుస్తున్నాడు. ఎడమది దించేశాడట. కుడి చక్రం దిగడం లేదు, జారిపోతోందట.

డిటెక్టివ్ ఇన్‌స్పెక్టర్ వైపు తిరిగింది.

“బేడీలు తీయండి.”

ఇన్‌స్పెక్టర్ తాళంచెవి బయటికి తీశాడు. ఇరవై ఏళ్ళ ఉద్యోగం ఆ చేతిని ఒక్క క్షణం ఆపింది.

“తీయడమంటే… పని చేయించుకుని మళ్ళీ వేయడమా?”

“తీయడమన్న మాటకి ఇక్కడ ఒకటే అర్థం,” అంది ఆమె. “ఊడదీయడం.”

ఆపరేటర్ జీపులోంచి దూకి, ఎవరూ చెప్పకుండానే ఎగువ గేటు మీదికి పరిగెత్తాడు. వెనక అక్క నాలుగడుగులు పరిగెత్తి, అక్కడే నిలబడిపోయి, రెండు చేతులతో నోరు మూసుకుంది. అతను పంపుహౌసు మనిషిని పక్కకు తోసి చక్రం అందుకున్నాడు.  చక్రాన్ని పైకి తిప్పడం మొదలుపెట్టాడు.

దూకే నీళ్ళు ఇంకా లావెక్కాయి. లాంచీ మీద ఎవరో కెవ్వున అరిచారు.

“వాడు ఇంకా ఎత్తుతున్నాడు,” అని ఇన్‌స్పెక్టర్ ముందుకు ఉరకబోయాడు. “ముంచేస్తాడు.”

డిటెక్టివ్ ఆయన బెల్టు పట్టుకుని వెనక్కి గుంజింది. ఆమె బరువంతా వేసి పట్టుకుంది.

“అర చుట్టు,” అంది. “ఆ అర చుట్టు అయ్యేదాకా ఆగండి.”

వెనక తాడు ఒక పోగు పటుక్కున తెగింది. ఇంకో పోగు తెగింది. ఎగువ గేటు మీద చక్రం ఆగింది. ఆపరేటర్ ఒక్కసారి దిగువ నిచ్చెన వైపు చూసి, చేతులు మార్చి పట్టుకుని, కిందికి తిప్పాడు.